మైక్రోవేవ్ ఓవెన్ పాత్రలు

మైక్రోవేవ్ పాత్రకు ఉండాల్సిన మొదటి గుణం తరంగాలను తన గుండా పోనివ్వడం. ఇళ్లలోని ఓవెన్లు సుమారు 2,450 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేస్తాయి. ఆ తరంగాలు ఆహారంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. బోరోసిలికేట్ గాజు, లోహపు అంచులేని పింగాణీ వాటిని అడ్డుకోవు. స్టీలు గిన్నె మాత్రం తిప్పికొడుతుంది. బంగారు అంచు కప్పు, అల్యూమినియం రేకు నిప్పురవ్వలు రాల్చగలవు. ఓవెన్ గోడలూ లోహమే కదా అనవచ్చు. నిజమే, కానీ అవి తరంగాలను లోపలే ఉంచేలా నునుపుగా అమర్చినవి. ప్రమాదమంతా పలుచని రేకుల్లో, మొనదేలిన అంచుల్లో ఉంది.

ప్లాస్టిక్ డబ్బా కరగకపోతే చాలన్న వాదన నిలవదు. నూనె ఎక్కువున్న కూర 100 డిగ్రీల సెల్సియస్ దాటి కాగవచ్చు. ఆ వేడికి ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి చేరే వీలుంది. మెలమైన్ పళ్లేలు మైక్రోవేవ్‌లో వాడటానికి పనికిరావు. అందుకే మైక్రోవేవ్‌కు తగినదన్న గుర్తు చూసి కొనాలి, ఆవిరి పోయేలా మూత వదులుగా పెట్టాలి, సందేహముంటే వేడిని తట్టుకునే గాజునే ఎంచుకోవాలి.