షికారు అడవి, కలివి పండు, మన హక్కు



నాగోల్, ఎల్బీ నగర్ హాస్టళ్లల్ల ఉండే మనోళ్లు విజయవాడ రోడ్డు మీద పోయేటప్పుడు వనస్థలిపురం దగ్గర పెద్ద కంచె చూసే ఉంటరు. అదే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో కృష్ణ జింకల కోసం దాన్ని పార్కు చేసి ఆ పేరు పెట్టిన్రు. 1994లో నేషనల్ పార్కు అయింది. సుమారు 3,600 ఎకరాలు.

దక్కన్ నేలల ఇట్లాంటి పొదల అడవిని పట్నపోళ్లు ఉత్త కంప అంటరు. కానీ రేగు, పరికి, కలివి, బలుసు అన్నీ ఆ కంపలనే కాస్తయి. ఎండాకాలం చివర కలివి, చలికాలం రేగు. పిగిలిపిట్టలు పండు తిని గింజను వేరే కాడ వేస్తయి, అట్ల అడవి తనను తానే నాటుకుంటది. కరువుల మనిషిని కూడా ఈ పొదలే బతికించినయి. "బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు" అనే సామెత ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక దిక్కు దొరకు షికారు అడవి, ఇంకో దిక్కు ఆదివాసీకి జంగ్లాత్ కేసులు. జల్, జంగల్, జమీన్ అన్న కొమురం భీం 1940లో జోడేఘాట్‌ల నేలకొరిగిండు. స్వాతంత్ర్యం వచ్చినంక 1972 వన్యప్రాణి చట్టం నేషనల్ పార్కుల పశువులు మేపొద్దు, అటవీ ఉత్పత్తులు తేవొద్దు అన్నది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం తరతరాలుగా ఏరుకునే చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు మనదే అని రాసింది. మరి పండు పేరే మరిచిపోతే ఆ హక్కు దేని మీద అడుగుతం?

అందుకే ఒక మాట. హాస్టల్ గోడ పక్క పది అడుగుల జాగ ఉన్నా చాలు. రేగు గింజ పెంకు మెల్లగ పగలగొట్టి నాటండి. కలివి గింజ ఎండబెట్టి దాచొద్దు, పండు తిన్న వెంటనే మట్టిల వేయండి. పూలు బాగున్నయని లాంటానా మాత్రం తేవద్దు. అది అమెరికా ఖండం నుంచి తోటల అందానికి తెచ్చిన మొక్క. దాని పండ్లు కూడా పిట్టలే తిని అడవంతా పరిచినయి, మన పొదలకు జాగ లేకుండ చేసినయి. కాసినయన్నీ మనం తెంపొద్దు, సగం పిట్టలకు వదలాలె.

ఈసారి ఇంటికి పోయినప్పుడు అవ్వను, తాతను ఒక్కో పండు పేరు అడగండి. గోండి, కోయ, కొలామీ, గోర్ బోలి, ఏ భాషైనా సరే, ఆ పేరు గ్రూపుల రాయండి. మొక్కతో పాటు పేరు కూడా బతకాలె.