ట్రోపిలీలాప్స్ మెర్సిడెసే

ట్రోపిలీలాప్స్ మెర్సిడెసే ఆసియా ఖండంలో కొండ తేనెటీగల (ఎపిస్ డార్సేటా) పట్టులలో జీవించే పరాన్నజీవి. ఇది కీటకం కాదు. సాలీళ్లు, తేళ్లు చేరిన అరాక్నిడా తరగతికి చెందిన నల్లి. అడవి ఈగలు దీనిని చాలావరకు తట్టుకోగలవు. పెట్టెలలో పెంచే ఐరోపా తేనెటీగలకు (ఎపిస్ మెల్లిఫెరా) మాత్రం ఇది ప్రమాదకరమైన శత్రువు.

నామకరణం

ఈ ప్రజాతిలో మొదటిదైన ట్రోపిలీలాప్స్ క్లారేను 1961లో డెల్ఫినాడో, బేకర్ అనే శాస్త్రజ్ఞులు ఫిలిప్పీన్స్ నుండి వర్ణించారు. భారతదేశం మొదలైన చోట్ల కనిపించే నల్లి కూడా అదేనని నలభై ఏళ్లకు పైగా భావించారు. 2007లో ఆండర్సన్, మోర్గాన్ జన్యు పరీక్షల ఆధారంగా దీనిని వేరే జాతిగా గుర్తించి, మెర్సిడెస్ డెల్ఫినాడో గౌరవార్థం ఈ పేరు పెట్టారు. కనుక పాత పుస్తకాలలో మన దేశానికి సంబంధించి "క్లారే" అని ఉన్నచోట సాధారణంగా ఈ జాతినే గ్రహించవలెను.

జీవితచక్రం

ఇది ఎరుపు కలిసిన గోధుమ రంగులో, 1 మిల్లీమీటరుకు కొంచెం తక్కువ పొడవుతో ఉంటుంది. వెడల్పు కంటే పొడవు ఎక్కువ. పీతను పోలిన వరోవా నల్లికి, దీనికి గల తేడా ఇదే. పట్టుపై చాలా వేగంగా పరుగెత్తుతుంది.

ఆడనల్లి లార్వా ఉన్న గదిలోకి, దానికి మూత పడటానికి ముందే ప్రవేశించి, సాధారణంగా మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. సుమారు ఆరు రోజులలో అవి పెద్దనల్లులవుతాయి. తల్లీ పిల్లలు లార్వా, ప్యూపాల శరీరద్రవాన్ని ఆహారంగా తీసుకుంటాయి. బ్రతికి బయటపడిన ఈగలలో కొన్నింటికి రెక్కలు ముడుచుకుపోయి ఉంటాయి. రెక్కలను వికృతం చేసే వైరస్‌ను కూడా ఈ నల్లి వ్యాపింపజేస్తుంది.

పెద్ద ఈగల గట్టి చర్మాన్ని దీని నోటిభాగాలు ఛేదించలేవు. అందువలన లార్వాలు లేనిచోట ఇది కొద్ది రోజులకు మించి బ్రతకటం కష్టం.

అడవిలోను, పెట్టెలోను

నల్లమలలో చెంచులు తేనె సేకరించే ఈగలలో కొండ తేనెటీగ ముఖ్యమైనది. ఇది ఋతువును బట్టి పట్టును విడిచి వలసపోతుంది. ప్రయాణకాలంలో లార్వాలుండవు కాబట్టి నల్లుల సంఖ్య పడిపోతుంది. పైగా ఈ ఈగలు ఒంటిమీది నల్లులను దులుపుకొని, కరిచి చంపుతాయి. ఉష్ణప్రాంతాలలో పెట్టెలోని ఐరోపా ఈగలకు వలస లేదు. ఏడాది పొడుగునా గదులలో పిల్లలుంటాయి. అక్కడ ఈ నల్లి వరోవా కంటే వేగంగా వృద్ధి చెందుతుంది.

నివారణ

రాణి ఈగను సుమారు మూడు వారాలు చిన్న పంజరంలో ఉంచి గుడ్లు పెట్టనీయకపోవటం ఒక పద్ధతి. ఫార్మిక్ ఆమ్లపు ఆవిరిని కూడా వాడతారు.

చలికాలంలో పిల్లలను పెంచని శీతల దేశాలలో ఇది నిలువదని చాలాకాలం నమ్మారు. అయితే 2024లో నైరుతి రష్యా, జార్జియాలలో దీని ఉనికి వెల్లడి కావటంతో ఐరోపా తేనెటీగల పెంపకందారులలో ఆందోళన పెరిగింది.