సాదా బేరింగుల చరిత్ర: కందెన నుంచి నూనె పొర దాకా - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తిరిగే ఇరుసును మోస్తూ దాని కదలికకు వీలు కల్పించే యంత్రభాగం బేరింగ్. గుండ్లు గానీ రోలర్లు గానీ లేకుండా, ఒక తలం మీద మరొక తలం జారే పద్ధతిలో పనిచేసేది సాదా బేరింగ్. ఎడ్లబండి చక్రం మొదలుకొని జలవిద్యుత్ కేంద్రాల టర్బైన్ల దాకా ఇది కనిపిస్తుంది. 1883-1886 మధ్య జరిగిన పరిశోధనలు, సవ్యంగా నడిచే బేరింగులో లోహం లోహాన్ని తాకదని, బరువును మోసేది నూనె పొర అని నిరూపించాయి. ఈ ఆవిష్కరణ బేరింగుల రూపకల్పనను ఎలా మార్చింది, అయినప్పటికీ లోహాల ఎంపికకు, కందెన స్వభావానికి ఉన్న ప్రాధాన్యం ఎందుకు తగ్గలేదు అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సాదా బేరింగ్, ఇరుసు, కందెన, నూనె పొర, స్నిగ్ధత, బాబిట్ లోహం, బోషాంప్ టవర్, ఆస్బోర్న్ రేనాల్డ్స్.

1. ప్రస్తావన

ఎడ్లబండి తోలిన తెలుగు రైతుకు బేరింగ్ అనే మాట తెలియకపోవచ్చు. ఆ వస్తువు మాత్రం బాగా తెలుసు. చక్రం నడుమ ఉండే కుండ, అందులో దూరే ఇరుసు, చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన దిగవేసే శీల, ఇరుసుకు పూసే కందెన - ఈ నాలుగు మాటల్లో ఒక సాదా బేరింగు నిర్మాణమంతా ఇమిడి ఉంది. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి చేసే కందెన పూయకపోతే చక్రం కీచుమంటుంది, ఇరుసు వేడెక్కుతుంది, కుండ లోపలి అంచు అరిగిపోతుంది.

కందెన పూస్తే బండి తేలికగా కదులుతుందన్నది వేల ఏళ్ల అనుభవం. అయితే ఇరుసుకూ కుండకూ మధ్య ఆ జిడ్డు చేసే పని ఏమిటి? రెండు తలాలనూ నున్నగా చేస్తుందా, లేక వాటిని విడదీస్తుందా? ఆవిరి యంత్రాలు, రైలుబండ్లు వచ్చి చాలా కాలం గడిచినా ఈ ప్రశ్నకు సరైన సమాధానం దొరకలేదు. దొరికిన తీరు కూడా విచిత్రమైనదే. ఒక ప్రయోగంలో మాటిమాటికీ ఊడిపోయిన బిరడా ఆ సమాధానానికి దారి చూపింది.

2. సాదా బేరింగు - రకాలు

భారం ఏ దిశలో పడుతుందన్న దాన్ని బట్టి సాదా బేరింగులను మూడు రకాలుగా చెప్పవచ్చు.

మొదటిది ఇరుసుకు అడ్డంగా పడే భారాన్ని మోసే జర్నల్ బేరింగ్. బేరింగులో తిరిగే ఇరుసు భాగాన్ని జర్నల్ అంటారు. చిన్న యంత్రాల్లో ఇది ఒక గొట్టంలా, అంటే బుష్ రూపంలో ఉంటుంది. మోటారు వాహనాల క్రాంక్ షాఫ్టు వంటి వాటిలో గొట్టాన్ని పక్కనుంచి ఎక్కించడం కుదరదు కనుక దాన్ని రెండు అర్ధభాగాలుగా చేసి బిగిస్తారు. రెండవది ఇరుసు పొడవు దిశలో పడే భారాన్ని మోసే థ్రస్ట్ బేరింగ్. ఓడను నడిపే ప్రొపెల్లరు తోపుడును, నిలువు టర్బైను బరువును మోసేది ఇదే. మూడవది తిరగడానికి బదులు ముందుకూ వెనక్కూ జారే భాగాలకు ఆధారమైన గైడ్ బేరింగ్. లేత్ యంత్రం పడక మీద జారే భాగం ఇందుకు ఉదాహరణ.

కందెన పనితీరును బట్టి చేసే విభజన వేరు. ఇరుసు తిరుగుడు వల్లనే నూనెలో పీడనం పుట్టే బేరింగులు ఒక తరగతి. బయటి పంపుతో ముందుగానే పీడనం కల్పించేవి మరొకటి. పలుచని జిడ్డు పూతతో నడిచేవి ఇంకొకటి. కందెనను తమలోనే దాచుకున్నవి, అసలే అక్కరలేనివి మిగిలిన తరగతులు. ఈ రెండో విభజన వెనుక ఉన్న అవగాహనంతా 1883 తరువాతిదే.

3. పొడి ఘర్షణ సూత్రాలు - వాటి పరిమితి

ఘర్షణ గురించి శాస్త్రీయమైన ఆలోచన లియొనార్డో డావిన్చి రాతప్రతుల్లో కనిపిస్తుంది. ఆ రాతలు చాలా కాలం వెలుగు చూడలేదు. 1699లో ఫ్రాన్సులో గియోమ్ అమాంటన్ ఘర్షణబలం భారానికి అనుపాతంలో ఉంటుందని, తాకే వైశాల్యం మీద ఆధారపడదని ప్రకటించాడు. పద్దెనిమిదో శతాబ్ది చివర చార్లెస్ ఆగస్టిన్ కూలుంబ్ విస్తృతమైన ప్రయోగాలతో ఈ సూత్రాలను స్థిరపరిచాడు. భారం రెట్టింపైతే ఘర్షణ కూడా రెట్టింపవుతుంది, వేగంతో దానికి పెద్దగా సంబంధం లేదు అన్నది ఇంజనీర్లకు పాఠమైపోయింది.

ఈ సూత్రాలు పొడి తలాలకు బాగానే వర్తిస్తాయి. నూనెలో తిరిగే ఇరుసుకు కూడా ఇవే వర్తిస్తాయని భావించడంలోనే చిక్కు వచ్చింది. అల్సాస్ ప్రాంతానికి చెందిన గుస్తావ్ అడాల్ఫ్ హిర్న్ 1854లో ప్రచురించిన ఫలితాలు ఈ భావనకు ఎదురు నిలిచాయి. బాగా నూనె పట్టిన బేరింగులో ఘర్షణ వేగాన్ని బట్టి మారుతుందని, నూనె స్నిగ్ధత అందులో ప్రధానమని అతడు గుర్తించాడు. స్థిరపడిన సూత్రాలకు విరుద్ధంగా ఉన్న ఆ ఫలితాలకు వెంటనే తగిన ఆదరణ లభించలేదు.

4. బోషాంప్ టవర్ ప్రయోగం

లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్ అధిక వేగాల వద్ద ఘర్షణను పరిశోధించే పనిని బోషాంప్ టవర్‌కు అప్పగించింది. అతడి మొదటి నివేదిక 1883లో వెలువడింది. 4 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పొడవు గల జర్నల్‌ను అతడు ఎన్నుకున్నాడు. రైలుపెట్టె ఇరుసు మీద బరువు పైనుంచి పడినట్టే, ఇక్కడ ఇత్తడి బేరింగు జర్నల్ పైభాగం మీద కూర్చుంది. జర్నల్ అడుగుభాగం నూనె తొట్టిలో మునిగి ఉంది.

ఫలితాలు ఆశ్చర్యం కలిగించాయి. నూనె తొట్టి పద్ధతిలో ఘర్షణ గుణకం వెయ్యో వంతు స్థాయికి పడిపోయింది. భారం పెంచినా మొత్తం ఘర్షణ దాదాపుగా మారలేదు. కూలుంబ్ సూత్రం ప్రకారం ఇలా జరగకూడదు.

అసలు విషయం మరొక చోట బయటపడింది. ఆనాటి అలవాటు ప్రకారం నూనె పోయడానికి బేరింగు నడినెత్తిన ఒక రంధ్రం తొలిచారు. యంత్రం నడవగానే ఆ రంధ్రం గుండా నూనె లోపలికి పోవడానికి బదులు పైకి పొంగింది. రంధ్రాన్ని బిరడాతో మూశారు, ఊడివచ్చింది. చెక్క మేకు దిగ్గొట్టారు. అదీ నెమ్మదిగా పైకి లేచింది. అప్పుడు రంధ్రానికి పీడనమాపకాన్ని బిగించారు. బేరింగు మీద సగటు భారం చదరపు అంగుళానికి 100 పౌన్లు మాత్రమే. మాపకం ముల్లు దాని పరిమితి అయిన 200 పౌన్లను దాటిపోయింది.

దీని అర్థం స్పష్టం. ఇత్తడి బేరింగు ఉక్కు జర్నల్ మీద ఆని లేదు; నూనె మీద తేలుతోంది. తరతరాలుగా యంత్రకారులు నూనె పోస్తున్న చోటు, నూనె బయటికి రావాలని గట్టిగా తోసే చోటు ఒకటే. సరైన బేరింగులో అక్కడ రంధ్రం చేయడమంటే బరువు మోస్తున్న పొరకే గండి కొట్టడం. 1885లోని రెండో నివేదికలో టవర్ బేరింగు తలం మీద వేర్వేరు చోట్ల పీడనాన్ని కొలిచి, అది నడుమ అధికంగా, అంచుల వద్ద స్వల్పంగా ఉంటుందని చూపాడు.

5. పెత్రోవ్, రేనాల్డ్స్ - సిద్ధాంత నిర్మాణం

అదే 1883లో రష్యాలో నికొలాయ్ పెత్రోవ్ మరో దారిలో ఈ సమస్యను చేరాడు. రైల్వేల్లో జంతు, వృక్ష సంబంధ నూనెలకు బదులు బాకు ప్రాంతపు ఖనిజ నూనెలను వాడవచ్చునా అన్నది అతడి ముందున్న ప్రశ్న. ఇరుసు చుట్టూ నూనె సమానమైన మందంతో ఉందని భావించి, ఘర్షణ అంతా నూనె స్నిగ్ధత వల్లనే వస్తుందని అతడు లెక్క కట్టాడు. ఆ లెక్క ఘర్షణను చెప్పగలిగింది. బరువును నూనె ఎలా మోస్తుందో మాత్రం చెప్పలేకపోయింది. చుట్టూ మందం ఒకేలా ఉంటే ఏ వైపునా పీడనం అధికం కాదు కదా.

ఆ లోటును 1886లో మాంచెస్టర్ ఆచార్యుడు ఆస్బోర్న్ రేనాల్డ్స్ పూరించాడు. టవర్ కొలతలను ముందుంచుకొని, ద్రవచలన సూత్రాల నుంచి అతడు ఒక సమీకరణాన్ని రాబట్టాడు. దాని సారాంశాన్ని మామూలు మాటల్లో ఇలా చెప్పవచ్చు: భారం మోసే పొర ఏర్పడాలంటే మూడు కావాలి. నూనెకు స్నిగ్ధత ఉండాలి. తలం కదులుతూ ఉండాలి. నూనె ప్రవేశించే చోట వెడల్పుగా, పోను పోను సన్నగా ఉండే సందు ఉండాలి. ఇరుసు నూనెను తనతో ఈడ్చుకుపోయి ఆ ఇరుకు సందులోకి నెడుతుంది. ఆ తోపుడులో పుట్టిన పీడనమే బరువును ఎత్తి పడుతుంది. బేరింగు లోపలి వ్యాసం కన్నా ఇరుసు వ్యాసం కొద్దిగా తక్కువ కావడం వల్ల, భారం కింద ఇరుసు ఒక పక్కకు ఒరిగి ఆ సందును తానే ఏర్పరుచుకుంటుంది.

ఇరుసు కాస్త వదులుగా ఉండడం పనితనపు లోపం కాదని, బేరింగు నడవడానికి అదే ఆధారమని ఈ సిద్ధాంతం తేల్చింది. 1902లో రిచర్డ్ స్ట్రిబెక్ వేగం పెరిగే కొద్దీ ఘర్షణ మొదట తగ్గి, ఒక కనిష్ఠస్థాయికి చేరి, మళ్లీ పెరుగుతుందని ప్రయోగాలతో నిరూపించాడు. 1904లో ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ రేనాల్డ్స్ సమీకరణాన్ని జర్నల్ బేరింగుకు సాధించి చూపాడు.

6. సిద్ధాంతం నుంచి ఆకృతికి - థ్రస్ట్ బేరింగ్

జర్నల్ బేరింగులో ఇరుకు సందు దానంతటదే ఏర్పడుతుంది. రెండు చదునైన పళ్లాలు ఒకదాని మీద ఒకటి తిరిగే థ్రస్ట్ బేరింగులో ఆ అవకాశం లేదు. అందుకే పాత ఓడల్లో ప్రొపెల్లరు తోపుడును మోయడానికి ఇరుసు మీద వరుసగా అనేక కాలర్లు అమర్చవలసి వచ్చేది. పళ్లాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కా స్వేచ్ఛగా కొద్దిగా వాలేటట్టు అమర్చితే ప్రతి ముక్క కిందా ఇరుకు సందు ఏర్పడుతుందన్న ఆలోచన ఆస్ట్రేలియాలో ఎ. జి. ఎమ్. మిచెల్‌కు, అమెరికాలో ఆల్బర్ట్ కింగ్స్‌బరీకి విడివిడిగా వచ్చింది. మిచెల్ పేటెంటు 1905 నాటిది. కింగ్స్‌బరీ పేటెంటు 1910లో లభించింది. 1912లో పెన్సిల్వేనియాలో సస్క్వెహనా నది మీది హోల్ట్‌వుడ్ జలవిద్యుత్ కేంద్రంలో కింగ్స్‌బరీ బేరింగు పని ప్రారంభించింది. తరువాతి కాలపు భారీ నిలువు టర్బైన్లకు ఈ వాలు పలకల పద్ధతే ఆధారమైంది. అనుభవం ముందు, సిద్ధాంతం వెనుక అన్న క్రమం ఇక్కడ తారుమారైంది. సమీకరణం లేకుండా ఈ ఆకృతిని ఊహించడం కష్టం.

కదలిక చాలా నెమ్మదిగా ఉండే చోట పంపుతో నూనెను నెట్టవలసి ఉంటుంది. 1948లో ప్రారంభమైన పాలోమర్ 200 అంగుళాల దూరదర్శిని కదిలే భాగం దాదాపు 500 టన్నులు. అది ఇలాంటి నూనె మెత్తల మీదే తేలుతుంది కనుక చిన్న మోటారుతో నక్షత్రాల వెంట తిరగగలుగుతోంది.

7. లోహాల ఎంపిక - ఆగే క్షణం, కదిలే క్షణం

నూనె పొరే బరువు మోస్తే బేరింగు ఏ లోహంతో చేస్తేనేం అన్న ప్రశ్న సహజం. సమాధానం యంత్రం ఆగే, కదిలే క్షణాల్లో ఉంది. వేగం లేనిదే పొర లేదు. ప్రతి ప్రారంభంలోనూ, ప్రతి విరామంలోనూ లోహం లోహాన్ని తాకుతుంది. నూనె వెంట వచ్చిన ఇసుక రేణువు పొర కన్నా మందమైతే నడుస్తున్నప్పుడు కూడా గీతలు పడతాయి. కనుక బేరింగు లోహం ఇరుసు కన్నా మెత్తగా ఉండాలి, రేణువును తనలో ఇముడ్చుకోవాలి, ఇరుసు ఒంపుకు ఒదగాలి. అయినా భారానికి నలగకూడదు. అరిగితే చవకగా మార్చగల బేరింగు అరగాలి, ఖరీదైన ఇరుసు అరగకూడదు.

ఈ పరస్పర విరుద్ధ గుణాలను కలిపే మార్గాన్ని సిద్ధాంతం కన్నా చాలా ముందే ఐజక్ బాబిట్ కనుగొన్నాడు. 1839 నాటి అతడి అమెరికా పేటెంటు, గట్టి లోహపు గూడులో మెత్తని మిశ్రమలోహాన్ని పోతపోసే పద్ధతికి సంబంధించినది. తగరం అధికంగా, ఆంటిమొని, రాగి స్వల్పంగా ఉండే ఆ కోవ లోహాలను బాబిట్ లోహం లేదా తెల్ల లోహం అంటున్నారు. మెత్తని తగరంలో గట్టి స్ఫటికాలు పొదిగినట్టు ఉండడం దీని ప్రత్యేకత. అధిక వేడికి, మాటిమాటికీ మారే భారానికి ఇది తట్టుకోలేదు కనుక అంతర్దహన యంత్రాల్లో రాగి-సీసం, అల్యూమినియం-తగరం మిశ్రమాలు వాడుకలోకి వచ్చాయి. వాహనాల్లో సీసం వాడకాన్ని పరిమితం చేస్తూ 2000లో యూరోపియన్ యూనియన్ ఆదేశం వెలువడిన తరువాత సీసం లేని మిశ్రమాల అవసరం పెరిగింది.

లోహమే కావాలన్న నియమమూ లేదు. ఓడ వెనుక భాగంలో ప్రొపెల్లరు ఇరుసు సముద్రపు నీటిలోనే తిరగాలి. ఇత్తడి బేరింగులు అక్కడ త్వరగా అరిగిపోయేవి. 1854లో జాన్ పెన్ పేటెంటు పొందిన పద్ధతిలో లిగ్నమ్ వైటే అనే గట్టి కలప పలకలు వాటి స్థానంలోకి వచ్చాయి. నీరే కందెన అయింది. కంచు పొడిని అచ్చులో నొక్కి, కాల్చి, దాని సూక్ష్మరంధ్రాల్లో నూనె నింపిన బుష్‌లు చిన్న మోటార్లలో ఏళ్ల తరబడి నూనె పోయకుండానే తిరుగుతాయి. 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న టెఫ్లాన్ వంటి పదార్థాలు నూనె అక్కరలేని బేరింగులకు వీలు కల్పించాయి.

8. కందెన - పునర్మూల్యాంకనం

ఈ నేపథ్యంలో ఎడ్లబండి కందెనను తిరిగి చూడవలసి ఉంది. నడక వేగంతో, పెద్ద బరువుతో తిరిగే చక్రంలో రేనాల్డ్స్ చెప్పిన నిండు పొర ఏర్పడటం కష్టం. అక్కడ కావలసింది జారిపోకుండా తలాన్ని అంటిపెట్టుకునే చిక్కని జిడ్డు. 1922లో విలియం బేట్ హార్డీ పరిశోధనలు ఇలాంటి స్థితికి ‘సరిహద్దు కందెనీకరణం’ అని చెప్పదగిన పేరును ఇచ్చాయి. లోహతలాన్ని అంటిపట్టుకునే కొవ్వు అణువులు పలుచని పూతగా నిలిచి లోహాల రాపిడిని తగ్గిస్తాయన్నది దాని సారం. వృక్ష సంబంధ నూనెలకు ఈ గుణం సహజం. ఆముదానికి చిక్కదనం కూడా తోడైంది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదాన్ని కందెనగా వాడటం గమనార్హం.

కనుక కందెనను నూనె పొర సిద్ధాంతానికి ముందున్న అపరిపక్వ దశగా భావించడం సమంజసం కాదు. అది వేరొక సమస్యకు అనుభవం ఇచ్చిన సరైన పరిష్కారం. నేటి భారీ టర్బైను కూడా ఆగే ముందు కొన్ని మలుపుల సేపు ఆ బండి ఇరుసు స్థితినే చేరుకుంటుంది.

9. ముగింపు

సాదా బేరింగు చరిత్ర నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, దీర్ఘకాలం ప్రామాణికంగా నిలిచిన ఘర్షణ సూత్రాలను వాటి పరిధి దాటి వర్తింపజేయడం వల్ల హిర్న్ ఫలితాల వంటివి మరుగున పడ్డాయి. రెండు, ప్రయోగానికి అడ్డంకిగా కనిపించిన ఊడిన బిరడాను టవర్ కొలవదగిన విషయంగా గుర్తించడం వల్లనే రేనాల్డ్స్ సిద్ధాంతానికి పునాది ఏర్పడింది. మూడు, ఆ సిద్ధాంతం పాత అనుభవాన్ని రద్దు చేయలేదు. అది ఎక్కడ వర్తిస్తుందో నిర్ణయించింది.

తెలుగు విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలు కందెన అనే మాటను పారిభాషిక పదంగా స్వీకరించాయి. బండి ఇరుసు నుంచి పాఠ్యపుస్తకానికి చేరిన ఈ పదం వెంట దాని వెనుక ఉన్న వృత్తిజ్ఞానాన్ని కూడా నమోదు చేయడం అవసరం. కుండ, శీల, ఇరుసు వంటి వృత్తిపదాలను యంత్రశాస్త్ర భావనలతో జోడించి అధ్యయనం చేస్తే, తెలుగులో సాంకేతిక చరిత్ర రచనకు ఆధారం సమకూరుతుంది.