వీడియో గేముల్లో కృత్రిమ మౌస్ చలనం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: మనిషి చేతి కదలికను స్క్రిప్టు ద్వారా అనుకరించే పద్ధతి కంప్యూటర్ చరిత్రలో సౌకర్యంగా ప్రవేశించి, వీడియో గేముల్లో మోసానికి సాధనమై, చివరకు న్యాయస్థానం దాకా వెళ్లింది. ఈ పరిణామక్రమాన్ని పరిశీలించి, ‘ఈ కదలిక ఎవరిది?’ అనే ప్రశ్నకు సాంకేతిక సమాధానం మాత్రమే ఎందుకు చాలదో నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: మౌస్, స్క్రిప్టు, వీడియో గేములు, గ్లైడర్, ఆపరేటింగ్ సిస్టమ్.

1. ప్రవేశిక

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు బిల్ ఇంగ్లిష్ 1964లో చెక్కతో రూపమిచ్చిన సాధనమే తొలి మౌస్. దానిని 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగంగా ప్రదర్శించారు. నేటి మౌస్ రూపం మారినా దాని పని స్థూలంగా ఒక్కటే: అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత జరిగిందో తెలిపే సంఖ్యలను కంప్యూటరుకు పంపడం. అంటే యంత్రానికి చేరేది చెయ్యి కాదు, చేతిని గురించిన సమాచారం. ఆ సమాచారాన్ని పంపినది మనిషా, ప్రోగ్రామా అన్న సంగతి సంఖ్యల్లో ఉండదు. కృత్రిమ చలనచరిత్ర అంతా ఈ ఖాళీలోనే పుట్టింది.

2. ఆపరేటింగ్ సిస్టమ్ తెరచిన ద్వారం

కృత్రిమ చలనం దొంగదారిన వచ్చినది కాదు. మౌస్ పట్టుకోలేనివారు సంఖ్యల మీటలతోనే కర్సర్‌ను కదిలించే ఏర్పాటు విండోస్ 95లో ఉంది. ఒక ప్రోగ్రాము మౌస్ సంకేతాలను తానే సృష్టించేందుకు ‘సెండ్‌ఇన్‌పుట్’ వంటి ఆదేశాలను విండోస్ అధికారికంగానే అందించింది. 2003లో వెలువడిన ఆటోహాట్‌కీ ఈ శక్తిని సామాన్య వినియోగదారుకు చేరువ చేసింది. నాలుగు వరుసల స్క్రిప్టుతో రోజువారీ పనిని యంత్రానికి అప్పగించడం సాధ్యమైంది.

అయితే గేముల్లో ఒక చిక్కు ఎదురైంది. కార్యాలయ ప్రోగ్రాముకు కర్సర్ ఎక్కడ ఉన్నదో ముఖ్యం. తొలి పురుష దృక్కోణపు కాల్పుల ఆటకు మౌస్ ఎంత జరిగిందో ముఖ్యం, ఆటగాడి చూపు తిరిగేది దానిని బట్టే. కాబట్టి కర్సర్‌ను ఒక్కసారిగా మరొక బిందువు వద్ద ఉంచితే అటువంటి ఆటలో చూపు సాధారణంగా తిరగదు. స్క్రిప్టు రచయితలు స్థానాన్ని వదలి, జరుగుదలను అనుకరించడం నేర్చుకోవలసి వచ్చింది.

3. క్వేక్ నుంచి గ్లైడర్ వరకు

1996లో విడుదలైన క్వేక్ ఆటను ఇంటర్నెట్‌లో పరస్పరం ఆడడం మొదలైన కొద్దికాలానికే గురిని తామే సరిచేసే ప్రోగ్రాములు పుట్టుకొచ్చాయి. 1999 డిసెంబరులో ఆ ఆట మూలసంకేతం బహిరంగం కావడంతో వివాదం ముదిరింది. అసలు లోపం మూలసంకేతాన్ని బయటపెట్టడంలో లేదని, ఆటగాడి కంప్యూటరును నమ్మడంలో ఉందని ఎరిక్ రేమండ్ వాదించాడు. ఆ వాదం నేటికీ కాలం చెల్లినది కాదు.

రెండవ ఘట్టం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటది. ఆటగాడు లేనప్పుడు కూడా పాత్రను నడిపించే గ్లైడర్ అనే ప్రోగ్రాము 2005లో వెలువడింది. న్యాయస్థానపు తీర్పు ప్రకారం 2008 సెప్టెంబరు నాటికి దాని అనుమతిపత్రాలు సుమారు 1,20,000 అమ్ముడయ్యాయి, 35 లక్షల డాలర్ల రాబడి వచ్చింది. దానిని తయారుచేసిన ఎండీవై సంస్థకు, ఆట యజమాని బ్లిజార్డ్‌కు మధ్య నడిచిన వివాదంలో అమెరికా తొమ్మిదవ సర్క్యూట్ న్యాయస్థానం 2010 డిసెంబరులో తీర్పు చెప్పింది. బాట్‌ను వాడడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే కాని, అంతమాత్రాన కాపీరైటు ఉల్లంఘన కాదన్నది. అయితే ఆటలోని రక్షణవ్యవస్థను తప్పించుకునే సాధనాన్ని అమ్మడం డిజిటల్ కాపీరైటు చట్టానికి విరుద్ధమని నిర్ధారించింది. చేతిని అనుకరించడం వేరు, కాపలాదారును ఏమార్చడం వేరు అన్న విచక్షణ ఈ తీర్పులోని సారం.

భారతదేశానికి ఈ సమస్య దూరపుది కాదు. 2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్-స్ట్రైక్ పోటీలో భారతీయ జట్టు సభ్యుడొకరి కంప్యూటరులో గురికి తోడ్పడే ప్రోగ్రాము బయటపడి, జట్టు మొత్తం అనర్హమైంది. ఒకరి చేతిలోని మోసానికి తక్కినవారు మూల్యం చెల్లించారు.

4. చేతి ముద్ర కోసం అన్వేషణ

ప్రోగ్రాము సృష్టించిన సంకేతానికి విండోస్ ఒక గుర్తు జోడిస్తుంది. దానిని చూసి పట్టుకోవడం తేలిక కావడంతో అనుకరణ హార్డ్‌వేరులోకి దిగింది. 2012 నాటి ఆర్డ్వినో లియొనార్డో వంటి చిన్న బోర్డు కంప్యూటరుకు తన్ను తాను మౌస్‌గానే పరిచయం చేసుకోగలదు. అప్పుడు పరిశీలన సంకేతం పుట్టుక నుంచి దాని నడతకు మళ్లింది.

లక్ష్యం దూరమైనకొద్దీ, చిన్నదైనకొద్దీ దానిని చేరడానికి ఎక్కువ కాలం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రీకరించాడు. మనిషి చెయ్యి నెమ్మదిగా బయలుదేరి, వేగం పుంజుకొని, గమ్యం దగ్గర తడబడి సర్దుకుంటుంది. ముతక స్క్రిప్టు సరళరేఖలో, సమవేగంతో సాగుతుంది. ఈ తేడా బయటపడగానే స్క్రిప్టు రచయితలు వక్రరేఖలను, యాదృచ్ఛిక జాప్యాలను, చివరకు తడబాటును కూడా లెక్కగట్టి చేర్చారు. యంత్రం పొరపాటు చేయడం నేర్చుకున్నది మనిషిగా కనిపించడానికే.

5. ఉపసంహారం

2024 ఆగస్టులో వాల్వ్ సంస్థ కౌంటర్-స్ట్రైక్ 2లో కొన్ని రకాల స్వయంచాలక మీటల కలయికలను, అవి హార్డ్‌వేరులో ఇమిడి ఉన్నా సరే, నిషేధించింది. సాధనం ఏదన్నది కాక, ఆటగాడి నైపుణ్యానికి బదులుగా ఏది పనిచేసింది అన్నదే ఇక్కడ కొలమానమైంది.

ఈ కొలమానానికీ ఒక పరిమితి ఉంది. చేయి వణికేవారి కదలిక, తల కదలికతో కర్సర్‌ను నడిపేవారి కదలిక ‘సగటు చేతి’కి భిన్నంగా ఉంటాయి. నడతను మాత్రమే చూసే వ్యవస్థ వారిని యంత్రాలుగా పొరబడవచ్చు; నేర్పుగా రాసిన స్క్రిప్టును మనిషిగా అంగీకరించవచ్చు. విండోస్ 95లో ఎవరికోసం ఆ ద్వారం తెరిచారో వారి ముఖానే అది మూసుకుపోయే ప్రమాదం ఇది. కనుక కృత్రిమ చలనాన్ని కేవలం మోసాల చరిత్రగా కాక, ఆట నియమానికీ, మానవ వైవిధ్యానికీ మధ్య సాగుతున్న సంవాదంగా అధ్యయనం చేయడం అవసరం.