ఆటగాండ్ర నారుమడి



వరి పండించు రైతు తన పొలమునకు సరిపోవునంత నారు మాత్రమే పోయడు. కొంత మిగులునట్లు పోయును. నాట్లు ముగిసిన పిమ్మట వరద వచ్చి మొక్కలను కొట్టుకొనిపోయినచో, మడిలో మిగిలిన ఆ నారే ఆ యేటి పంటను నిలుపును. ఇది మీకు నేను చెప్పవలసిన సంగతి కాదు. ఇంగ్లండు దేశమందలి ఒక ఫుట్‌బాలు సంఘమువారు ఇదే పద్ధతిని మనుష్యుల విషయమున పాటించిరి. వారి చరిత్రను నేడు మీకు మనవి చేయుచున్నాను.

మాంచెస్టరు నూలు మిల్లులకు పేరుపడిన నగరము. అచ్చట 1878 వ సంవత్సరమున న్యూటన్ హీత్ అను పేటలోని రైలు కంపెనీ పనివారు ఒక ఫుట్‌బాలు సంఘమును పెట్టుకొనిరి. అది అప్పుల పాలై, చేతులు మారి, 1902 లో మాంచెస్టర్ యునైటెడ్ అను పేరు దాల్చెను. ఆ దేశమున ఈ యాట వినోదము మాత్రమే కాదు, జీవనోపాధి కూడను. సంఘము ఆటగాండ్రకు జీతమిచ్చును. ఒక సంఘమువారి ఆటగానిని మరియొక సంఘమువారు సొమ్ము చెల్లించి తీసికొనవచ్చును. కావున ధనవంతులైన సంఘములు చేయి తిరిగిన వారిని కొనును; ధనము లేనివి పిల్లలను చేరదీసి పెంచుకొనవలసినదే.

మన సంఘము ఆ కాలమున రెండవ తెగకు చెందియుండెను. 1931 డిసెంబరులో జీతములకు సైతము సొమ్ము లేక మూతపడు స్థితికి వచ్చినపుడు జేమ్స్ గిబ్సన్ అను వర్తకుడు దాని భారమును వహించెను. సంఘ కార్యదర్శి వాల్టర్ క్రిక్‌మర్ తోడ్పాటుతో ఆయన 1938 లో బాలుర కొరకు ప్రత్యేకముగా ఒక శాఖను నెలకొల్పెను. కొనలేని వారు పెంచుకొనుటకు పూనిరని దీని భావము. మరుసటి యేడు యుద్ధము వచ్చెను. 1941 మార్చిలో జర్మనుల బాంబులు పడి ఆటస్థలము పాడయ్యెను. అయినను పెంపకమను తలంపు చెడలేదు.

1945 లో మాట్ బస్బీ అను స్కాట్లండు వాడు సంఘమునకు నిర్వాహకుడై, వేల్సు దేశీయుడగు జిమ్మీ మర్ఫీని సహాయునిగా తెచ్చుకొనెను. వీరి పద్ధతిని కొంచెము వివరింతును. దూతలు ఊరూర పాఠశాలల యాటలను చూచి, చురుకైన బాలుని కనిపెట్టి, తలిదండ్రులను ఒప్పించి తెచ్చెడివారు. దూరపు పిల్లలను, గదులు అద్దెకిచ్చి అన్నము పెట్టు ఇల్లాండ్ర యిండ్లలో నుంచెడివారు. ఆటలో రాణింపని యెడల బిడ్డ గతి యేమని తల్లి అడుగును గదా! కావున చేతిపని నేర్చుకొనుటకును ఏర్పాటు చేసెడివారు. గని కార్మికుని కుమారుడైన బాబీ చార్ల్‌టన్ మొదట ఒక యంత్రశాలలో పని నేర్చెను.

బాలుడు పిల్లల జట్ల నుండి మెట్టు మెట్టుగా రిజర్వు జట్టునకు వచ్చును. రిజర్వు జట్టనగా రెండవ జట్టు. ఇట్టి జట్లకు సెంట్రల్ లీగ్ అను పోటీ 1911 నుండియు నుండెను. ఆ వారము మొదటి జట్టులో చోటు దొరకని వారు, దెబ్బ తగిలి కోలుకొనుచున్న వారు, పైకి వచ్చుచున్న కుర్రవాండ్రు అందులో కలిసి ఆడెడివారు. పదునేడేండ్ల వాడు అచ్చట ముప్పదేండ్ల వానితో భుజము రాచుకొని ఆడి, మైదానమున చెప్పి నేర్పరాని దానిని నేర్చుకొనెడివాడు. మర్ఫీ ఎక్కువగా శ్రమించినది ఈ జట్లతోనే.

ఫలితము త్వరలోనే కనబడెను. బాలుర జట్లకు దేశమంతటికిని ఒక పోటీ 1952 లో మొదలు కాగా, మొదటి అయిదేండ్లును, అనగా 1953 నుండి 1957 వరకు, ఈ సంఘము పిల్లలే గెలిచిరి. డడ్లీ నుండి వచ్చిన డంకన్ ఎడ్వర్డ్స్ పదునారేండ్లకే మొదటి జట్టులో ఆడెను. పదునెనిమిదేండ్లకు ఇంగ్లండు పక్షమున నిలిచెను. సంఘమువారు కొనుట బొత్తిగా మానలేదు; 1953 లో టామీ టేలర్‌ను 29,999 పౌనులకు తెచ్చిరి. కాని జట్టునకు వెన్నెముక పెంచిన పిల్లలే. 1956, 1957 లలో ఆ జట్టు ఇంగ్లండు లీగులో ప్రథమస్థానము పొందెను.

అప్పుడు వరద వచ్చెను. 1958 ఫిబ్రవరి 6 వ తేదీన బెల్‌గ్రేడు నుండి తిరిగి వచ్చుచు, ఇంధనమునకై మ్యూనిక్‌లో దిగిన విమానము, మూడవ మారు లేవబోవుచు మంచుబురద వలన వేగము చాలక కూలిపోయెను. అందున్న 44 మందిలో 23 మంది మరణించిరి. వారిలో ఆటగాండ్రు ఎనమండుగురు. ఎడ్వర్డ్స్ పదునైదు దినములు ఆసుపత్రిలో పెనుగులాడి ఇరువదియొకటవ యేట కన్ను మూసెను. ప్రాణముతో బయటపడిన మరి యిద్దరు తిరిగి ఎన్నడును ఆడలేకపోయిరి. బస్బీ చావుబ్రతుకులలో నుండెను. వేల్సు జట్టు పనిమీద కార్డిఫ్‌లో నిలిచిపోయినందున మర్ఫీ ఆ విమానము ఎక్కలేదు.

పదుమూడు దినములకు షెఫీల్డ్ వెన్స్‌డే జట్టుతో పోటీ. ఆడువారెవరో తెలియక, ప్రేక్షకులకు అమ్ము కాగితములో మాంచెస్టరు ఆటగాండ్ర పేర్ల చోటు ఖాళీగా వదలి అచ్చు వేసిరి. మర్ఫీ ఇద్దరిని కొనెను. విమానము నుండి బ్రదికి వచ్చిన గ్రెగ్, ఫౌక్స్ అనువారిని నిలిపెను. తక్కిన చోట్లను రిజర్వు జట్టు నుండియు, పిల్లల నుండియు నింపెను. సుమారు 60,000 మంది చూచుచుండగా వారు 3–0 గా గెలిచిరి. మొదటి జట్టులో ఎన్నడును ఆడని షే బ్రెనన్ రెండు గోలులు చేసెను. పదునేడేండ్ల అలెక్స్ డాసన్ ఒకటి చేసెను.

ఇది అద్భుతమని అందురు. నేనట్లనను. ఆ పిల్లలు ఆనాడు పుట్టినవారు కారు. ఏండ్ల తరబడి ఎవరును చూడని మైదానములలో పెరిగినవారు. మడిలోని నారు ఒక్క దినమున పంట కాదనుటయు నిజమే. ఆ యేడు లీగు పోటీలలో, ఆపద తరువాత, వారు గెలిచినది ఒక్క ఆట మాత్రమే. మే నెలలో కప్పు తుదిపోటీలో బోల్టన్ చేతిలో 2–0 గా ఓడిరి. పంట చేతికి వచ్చుటకు పదియేండ్లు పట్టెను. 1968 మే 29 వ తేదీన లండను నగరమున, ఐరోపా కప్పు తుదిపోటీలో, పోర్చుగలు దేశపు బెన్‌ఫికా జట్టును వారు 4–1 గా గెలిచిరి. నాటి నాలుగు గోలులును సంఘము పెంచిన వారే చేసిరి: చార్ల్‌టన్ రెండు, బెస్ట్ ఒకటి, ఆనాటికి సరిగా పందొమ్మిదేండ్లు నిండిన కిడ్ ఒకటి. మ్యూనిక్ నుండి బ్రదికిన చార్ల్‌టన్, ఫౌక్స్‌లును, ఆ రిజర్వు బాలుడు బ్రెనన్‌యు ఆ జట్టులో నుండిరి.

ఆచారము అటుపిమ్మటను నిలిచెను. 1992 లో బాలుర కప్పు గెలిచిన గిగ్స్, బెక్‌హామ్ మొదలగువారు 1999 లో ఐరోపా విజేతలైరి. 1937 అక్టోబరు నుండి 2019 డిసెంబరు వరకు వరుసగా 4,000 ఆటలలో సంఘము పెంచిన ఆటగాడొకడైనను జట్టువారిలో లేకుండ లేడు.

ఒక్క మాట చెప్పి ముగింతును. మడిలో పెరిగిన నారంతయు పొలమునకు పోదు. వచ్చిన బాలురలో పెక్కుమంది మొదటి జట్టు ముఖమే చూడక ఇండ్లకు పోవుదురు. వారి పేర్లను ఎవరును వ్రాయరు. పిల్లలను చేరదీయు సంఘము గెలిచినవాని కీర్తిని ఎంతగా చాటుకొనునో, గెలువని వాని చేతికి ఒక పని నేర్పుటలో అంత శ్రద్ధ వహింపవలెను. ఎడ్వర్డ్స్ తరమువారి తల్లులు అడిగినది అదియే. ఆ ప్రశ్నను మరువని సంఘమే పెంపకమను మాటకు తగినదని నా తలంపు.