రవిక: గుడ్డ, కుట్టు, రంగు

చీరను గూర్చియు, జరీని గూర్చియు మనవారు వ్రాసినది విస్తారముగా కలదు. స్త్రీల లోవస్త్రములను గూర్చి వ్రాసినది స్వల్పము. శరీరము నంటియుండి, పైటచాటున నొదిగి, చెమటకు చివికి, తుదకు మసిగుడ్డగా మారు రవిక ప్రదర్శనశాలలకు చేరుట అరుదు. అయినను రాష్ట్రేతర తెలుగువారి జీవితమున ఈ మూరెడు గుడ్డ చెప్పు చరిత్ర అల్పమైనది కాదు.

రవిక అను మాట భాషల సరిహద్దులను దాటిన మాట. కన్నడిగులకు అది రవికె, కుప్పస, తమిళులకు రవిక్కై, మహారాష్ట్రులు మాత్రము చోళీ యందురు. మన కావ్యభాషలో కంచుకము, కంచెల అను పేర్లు కలవు. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున రవికకు చోటు దొరకినది. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రములలో, 16వ శతాబ్దమునాటి స్త్రీలు బిగుతైన రవికలతో, పూలచీరలతో కానవత్తురు.

ఆ కాలపు రవిక నేటి జాకెట్టు వంటిది కాదు. అది పైవస్త్రమును, లోవస్త్రమును తానే. కప్పుట, బిగించి నిలుపుట అను రెండు పనులును ఒక్క గుడ్డయే చేసెడిది. కావుననే దాని కుట్టులో నిశితమైన ఆలోచన యున్నది. మగ్గపు గుడ్డ పడుగు వెంబడి గాని పేక వెంబడి గాని సాగదు. ఏటవాలుగా లాగినప్పుడే కొంత సాగును. ఈ గుణము నెరిగి పూర్వులు రొమ్ము క్రిందను, చంక క్రిందను మూలగా కత్తిరించిన చిన్న ముక్కల నతికిరి. చేయి ఎత్తినను కుట్టు పిగులక, గుడ్డ ఆ చోటనే సాగి సర్దుకొనును. ముందు భాగమున గుండీలు లేవు. క్రింది కొనలు రెండింటిని ముడివేసెడివారు. గర్భిణికి, బాలింతకు, వయసుతో ఒడలు మారిన ముదుసలికి ఆ ముడియే కొలతను సవరించెడిది. బిడ్డకు పాలిచ్చు తల్లికి ముందు తెరపి సౌకర్యము.

ఈ కుట్టునకు తగిన గుడ్డను ప్రత్యేకముగా నేసిన ఊరు కర్ణాటకమున బాగలకోట జిల్లాలోని గులేదగుడ్డ. అచటి గుడ్డకు ఖణ మని పేరు. పడుగు పట్టు, పేక నూలు. నేతలో అదనపు పడుగు పోగులతో బుటాలు తీర్తురు. తేరు, ఆనె హెజ్జె యనగా ఏనుగు అడుగు, సూజి మల్లిగె యనగా సూదిమల్లె మొదలగునవి ఆ బుటాల పేర్లు. గుడ్డ పన్నా తక్కువ; ఇరువైపుల అంచులుండును. కత్తిరించునప్పుడు ఆ అంచు చేతుల చివరకు వచ్చును గనుక వేరుగా పట్టీ కుట్ట నక్కరలేదు. నేతగాడు మగ్గముపై కూర్చున్నప్పుడే దర్జీ పని సగము తీరునన్నమాట. ముక్కలను ముక్కోణముగా మడచి అమ్ముట అచటి ఆచారము. ఈ గుడ్డకు పెద్ద బజారు మహారాష్ట్రము. తెలంగాణమునుండి తరలి షోలాపురమున స్థిరపడిన పద్మశాలీలు చీరలకు, దుప్పట్లకు పేరొందిరి. వారి చుట్టునున్న బజారులలో రవికకు తగిన గుడ్డ మాత్రము ఖణమే.

రంగు విషయమున తెలుగుతీరము ఒకప్పుడు పెద్ద బడి. నిత్యము చెమటయందు నాని, నిత్యము ఉతుకబడు గుడ్డకు చెదరని రంగు కావలెను. నూలుకు ఎఱుపు చిరివేరునుండి వచ్చెడిది. మచిలీపట్టణ, నిజాంపట్టణ ప్రాంతముల వేరునకు విశేషఖ్యాతి. గుడ్డను ముందుగా కరక్కాయ నీటిలోను పాలలోను నానబెట్టి, పటిక పట్టించి, పిదప వేరుతో కలిపి కాచెడివారు. పటిక లేనిచో ఆ ఎఱుపు నూలును పట్టి నిలువదు. నీలమునకు నీలిమందును సున్నముతోను, ఉడికించిన తగిరిస గింజలతోను కుండలో పులియబెట్టెడివారు. గుడ్డ కుండలోనుండి ఆకుపచ్చగా వెలువడి, గాలి సోకిన కొలది నీలమగును. పట్టు పోగుల ఎఱుపునకు లక్క ఉపయోగపడెడిది.

1868లో జర్మనీ రసాయనికులు గ్రేబె, లీబర్మన్ అను వారు చిరివేరులోని ఎఱుపుకు మూలమైన అలిజరిన్‌ను కృత్రిమముగా తయారు చేసిరి. 1897లో కృత్రిమ నీలిమందు బజారునకు వచ్చెను. చిరివేరు సేద్యము క్రమముగా అడుగంటినది. అయితే క్రొత్త ఎఱుపునకును పటికయే ఆధారము. వేరు పోయినను అద్దకపువాని చేతి విద్య కొంతకాలము నిలిచినది.

రవికకు గట్టిదెబ్బ రంగువలన గాక కుట్టువలన తగిలినది. కుట్టుమిషను, హుక్కులు, మిల్లు పాప్లిను వచ్చిన పిదప ముడిరవిక జాకెట్టైనది. తరువాత లోపల బాడీ వేరుగా వచ్చి, బిగించి నిలుపు పనిని తాను తీసికొన్నది. ఒక్క వస్త్రము రెండుగా చీలగా పైదానికి అలంకారమే మిగిలెను. చీరతోనే జాకెట్టు ముక్క కలిసి వచ్చుట పరిపాటియైనది. పన్నా తక్కువ, అంచులు రెండు గల గుడ్డకు ఇక పని తగ్గినది. నేడు ఖణములో పట్టుకు మారు కృత్రిమపట్టు వాడుక హెచ్చినది. మరమగ్గపు అనుకరణలును వచ్చినవి.

రవికగుడ్డ మాత్రము ఒక్కచోట చెక్కుచెదరక నిలిచినది. అది పేరంటము. పసుపు కుంకుమలతో, తాంబూలముతో రవికలగుడ్డ పెట్టుట బళ్ళారిలోను, బరంపురములోను, మధురలోను స్థిరపడిన తెలుగు ఇల్లాండ్రకు నేటికిని విధాయకమే. మహారాష్ట్రమున ఖణమును, కొబ్బరికాయను ఒడిలో నుంచుదురు. ఇరుగుపొరుగు భాషలు వేరైనను ఈ మర్యాద ఒక్కటే గనుక, తెలుగు స్త్రీ పరాయి ఊరిలో మొదట చుట్టరికము కలుపుకొన్నది ఈ గుడ్డతోనే యనవచ్చును.

కాని ఆ గుడ్డ నేడెట్లున్నది? కొలతకు చాలదు, చెమట పీల్చదు. కుట్టించువారు లేక ఒక పేరంటమునుండి మరొక పేరంటమునకు చేతులు మారుచునే యుండును. ఇచ్చునది కుట్టించుకొనుటకు తగిన మగ్గపు గుడ్డయైనచో, మర్యాదయు నిలుచును, మగ్గమును కొంత నిలుచును. ముడిరవిక కుట్టు తెలిసిన వృద్ధస్త్రీలు ఎచట నున్నను, ఆ కత్తిరింపును కాగితముపై గీయించి, వారు వాడు మాటలను వ్రాసి యుంచుట మన సంఘములు చేయదగిన పని. గుడ్డ చినిగిన పిదప మిగులునవి ఆ గీతలు, ఆ మాటలే.