నేల ఉసిరి: సరైన మొక్కను గుర్తించడం, సాగు

తొలకరి పడగానే మైలవరం చుట్టుపక్కల మామిడి తోటల్లో, నందిగామ, జగ్గయ్యపేట వైపు చేల గట్ల మీద నేల ఉసిరి దానంతట అదే మొలుస్తుంది. మనం కలుపుగా పీకి పారేసే ఈ మొక్కను ఆయుర్వేద మందుల తయారీదారులు కొంటారు. అయితే ఇలాగే కనిపించే మొక్కలు మరికొన్ని ఉన్నాయి. ఒక రైతు పోగుచేసి ఎండబెట్టిన సరుకులో సగం వేరే రకం కలిసిందని వ్యాపారి మొత్తం తిప్పి పంపడం నేను చూశాను. నెల రోజుల కూలి వృథా అయింది.

అసలు నేల ఉసిరి (ఫిల్లాంథస్ అమారస్) అడుగు నుంచి రెండడుగుల ఎత్తు పెరుగుతుంది. కాడ ఆకుపచ్చగా, నున్నగా ఉంటుంది. పక్క రెమ్మలకు చింతాకులా రెండు వరుసల్లో చిన్న ఆకులు ఉంటాయి. లేత పసుపు పూలు ఆవగింజంత ఉంటాయి. రెమ్మను తిప్పి చూడండి: ఆకుల అడుగున నున్నని గుండ్రటి కాయలు సన్నని తొడిమతో వేలాడుతుంటాయి. కాడ ఎర్రగా ఉండి, కాయలు తొడిమ లేకుండా రెమ్మకు అతుక్కుని గరుకుగా ఉంటే అది వేరే జాతి (ఫిల్లాంథస్ యూరినేరియా). నల్లరేగడిలో కనిపించే ఇంకో రకానికి ఆకులు కొన వైపు వెడల్పుగా ఉండి నేరుగా కాడ మీదే వస్తాయి. ఈ రెండూ కలపకూడదు. కాయ లేని లేత దశలో పొరపడతాం కాబట్టి కాయ చూశాకే పీకండి.

పత్తి, మిరప చేలలోని మొక్కలను మాత్రం ఎంత బాగున్నా తీసుకోవద్దు. పురుగు మందులు, కలుపు మందులు పడిన మొక్క మందుకు పనికిరాదు.

సాగు చేయాలనుకుంటే ముందు కొనేవారిని మాట్లాడుకోండి. మొదటి ఏడాది మామిడి చెట్ల మధ్య అయిదు సెంట్లు చాలు. పత్తి తీసేసి ఎకరం వేయమని నేను చెప్పను. ఎకరాకు 400 గ్రాముల విత్తనం సరిపోతుంది. విత్తనం చాలా సన్నం. పొడి ఇసుకలో కలిపి మే నెలలో ఎత్తు నారుమడిపై చల్లాలి, పైన మట్టి కప్పకూడదు. రోజూ సన్నని జల్లుగా నీరివ్వాలి. నారు 10-15 సెంటీమీటర్లు అయ్యాక, వానలు కుదిరినప్పుడు 15 × 10 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. బాగా చివికిన పశువుల ఎరువు వేయండి. కలుపు చేత్తోనే తీయాలి.

నాటిన రెండున్నర, మూడు నెలలకు ఆకు పచ్చగా ఉన్నప్పుడే వేరుతో సహా పీకాలి. మందు గుణం ఎక్కువగా ఆకులోనే ఉంటుంది. ఆలస్యమైతే ఆకు రాలి పుల్లలే మిగులుతాయి. మట్టి కడిగి, ఒక పూట ఎండలో, తర్వాత నీడలో పట్టాపై పలుచగా ఆరబెట్టాలి. చెమ్మ ఉంటే బూజు పడుతుంది. మంచి పంటలో ఎకరాకు 6-8 క్వింటాళ్ల ఎండు సరుకు వస్తుంది.

విత్తనానికి కొన్ని మొక్కలు వదిలేయండి. కాయ పండగానే చిట్లి గింజ చెదిరిపోతుంది కాబట్టి, కాయలు గోధుమ రంగుకు తిరుగుతుండగానే కోసి, కాగితంపై పరిచి, పైన పలుచని గుడ్డ కప్పాలి.

పచ్చకామెర్లకు ఇంట్లో ఈ ఆకు నూరి తాగించే అలవాటు మన వైపు ఉంది. కామెర్లకు కారణాలు చాలా ఉంటాయి. ముందు రక్త పరీక్ష చేయించి డాక్టరుకు చూపించండి.

మొక్కపై అనుమానం ఉంటే కాయలున్న రెమ్మ ఒకటి తీసుకుని మీ రైతు సేవా కేంద్రానికి రండి.